తెలుగు వెంట తెచ్చుకోమన్న ఇటాలియన్ టీచరు

మన పత్రికలు టూరిన్ అని రాసే తొరీనో నగరానికి నేను వచ్చి ఆరేళ్ళు దాటింది. అందులో మొదటి రెండేళ్ళు ఇటాలియన్ రాకుండానే గడిచిపోయాయి. ఆఫీసులో పనంతా ఇంగ్లీషులో సాగేది, ఇంట్లో తెలుగు ఉండేది, శని ఆదివారాల్లో కలిసేవారు కూడా ఇక్కడి పొలితెక్నికోలో ఇంగ్లీషు మాధ్యమంలో చదువుకోవడానికి గుంటూరు నుంచో వరంగల్ నుంచో వచ్చిన పిల్లలే. కూరగాయలు కావాలంటే వేలితో చూపించవచ్చు, బిల్లు కట్టడానికి కార్డు ఉంది, ఏదైనా ఉత్తరం వస్తే ఫోను అనువదించి పెడుతుంది. ఒక ఊళ్ళో ఉంటూ ఆ ఊరివాళ్ళతో ఒక్క మాటైనా మాట్లాడకుండా ఏళ్ళ తరబడి బతికేయవచ్చు. అది మంచి బతుకు కాదని నాకు తెలుసు గానీ, మార్చుకోవాలన్న తొందర మాత్రం కలగలేదు.

ఆ తొందర ఒక నవంబరు సాయంత్రం కలిగింది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి మా భవనంలోని లిఫ్టు రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ మధ్య ఆగిపోయి ఉంది. పై అంతస్తులో ఒంటరిగా ఉండే పెద్దావిడ అందులో చిక్కుకుపోయారు. నా అడుగుల చప్పుడు విని ఆమె లోపలి నుంచి తలుపు తట్టి, ఒకే మాటను మళ్ళీ మళ్ళీ చెప్పారు. నాకు అర్థం కాలేదు. "సీ, సీ" (అవును, అవును) అంటూ తలుపు బయట నిలబడిపోయాను. పావుగంట తరువాత వచ్చిన పక్కింటివారితో ఆమె అదే మాట అంటే, వారు వెంటనే కిందికి పరుగెత్తి భవనం కాపలా చూసే ఆయనను పిలుచుకువచ్చారు. ఆమె అంతసేపూ అన్నది "పొర్తినాయో" అని, అంటే కాపలాదారు అని. ఆయన ఆ పావుగంటా కింద తన గదిలోనే ఉన్నారు. రెండంతస్తుల మెట్లు దిగి తలుపు తడితే సరిపోయేది. బయటికి వచ్చాక ఆ పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని ఏదో మంచిమాటే అన్నారు, అది కూడా నాకు అర్థం కాలేదు.

ఆ నెలలోనే ఒక సంస్థవారి సాయంత్రపు తరగతుల్లో చేరాను. ఇరవై మందికి పైగా ఉన్న ఆ తరగతిలో పాఠమంతా ఇంగ్లీషు గుండా నడిచేది. మొదట ఇంగ్లీషు వాక్యం ఇచ్చేవారు, దాన్ని ముక్కలు చేసి ఒక్కో ముక్క స్థానంలో ఇటాలియన్ మాట పెట్టమనేవారు. "ఐ లైక్ కాఫీ" అన్న వాక్యం ఇస్తే నేను "ఐ" బదులు "ఇయో" పెట్టి, "లైక్" బదులు "ప్యాచేరె" అనే క్రియను ఉత్తమ పురుషలోకి మార్చి "ఇయో ప్యాచ్చో" అని రాశాను. అంటే "నేను ఇతరులకు నచ్చుతాను" అని అర్థం. పంతులు గారు దాన్ని కొట్టేసి "మి ప్యాచె" అని రాసి, ఇది మినహాయింపు, గుర్తుపెట్టుకోమన్నారు. మూడు నెలల్లో నా నోటుపుస్తకంలో మినహాయింపులు నాలుగు పేజీలు నిండాయి. భాష మాత్రం నోటికి రాలేదు. ఫీజు కట్టిన గడువు అయిపోగానే మానేశాను.

తరువాతి వసంతంలో మా వీధి చివరి రొట్టెల దుకాణం అద్దం మీద చేత్తో రాసిన ఒక కాగితం కనిపించింది. రిటైరైన ఉపాధ్యాయురాలు విదేశీయులకు ఇటాలియన్ చెబుతారని, గంటకు 20 యూరోలని అందులో ఉంది. కాగితం అడుగున ఫోను నంబరును చీలికలుగా కత్తిరించి వేలాడదీశారు. ఒక చీలిక చింపి జేబులో పెట్టుకున్నాను. ఇది జరిగి నాలుగేళ్ళు కావస్తోంది. అప్పటి నుంచి ప్రతి గురువారం పొర్తా నువోవా రైల్వేస్టేషను దగ్గర 4వ నంబరు ట్రామ్ ఎక్కి, నగరానికి దక్షిణాన ఉన్న మిరాఫియోరికి వెళ్తున్నాను. 1939లో ఫియట్ కంపెనీ అక్కడ తెరిచిన కార్ల కర్మాగారం వల్ల ఆ పేట పేరు దేశమంతటికీ తెలుసు. మా టీచరు గారి తండ్రి ఆ కర్మాగారంలోనే కూలి పనికి సిసిలీ నుంచి వచ్చారట.

పాఠం వంటగదిలో జరుగుతుంది. పొయ్యి మీద మోకా పాత్రలో కాఫీ పొంగుతుంటే, మేము బల్లకు అటూ ఇటూ కూర్చుంటాం. మొదటిరోజు ఆమె నన్ను అడిగిన మొదటి ప్రశ్న "మీ అమ్మగారితో ఏ భాషలో మాట్లాడతారు?" అని. తెలుగు అన్నాను. ఆ పేరు ఆమె అంతకుముందు వినలేదు. "అయితే వచ్చే గురువారం దాన్ని వెంట తీసుకురండి, ఇంగ్లీషును మాత్రం ట్రామ్‌లోనే వదిలేసి రండి" అన్నారు. అది మాటవరసకు అన్నది కాదని రెండో పాఠానికే తెలిసింది. గళ్ళ కాగితాల నోటుపుస్తకంలో పేజీకి నిలువుగా ఒక గీత గీసి, ఎడమవైపు ఇటాలియన్ వాక్యం ఆమె రాసేవారు. కుడివైపు అదే సంగతిని మా అమ్మతో ఎలా అంటానో నేను తెలుగు లిపిలో రాసి, ఒక్కో మాట విడదీసి ఆమెకు వివరించాలి. నాకు వచ్చిన పిడికెడు ఇటాలియన్ మాటలతోనే వివరించాలి. ఆ వివరించే పనిలోనే నేను భాష నేర్చుకున్నానని ఇప్పుడు అనిపిస్తుంది.

అలా వచ్చిన మొదటి వాక్యాల్లోనే "మి ప్యాచె ఇల్ కఫ్ఫే" ఉంది. కుడివైపు "నాకు కాఫీ నచ్చుతుంది" అని రాశాను. "నాకు" అంటే ఏమిటని అడిగారు. "ఆ మే" అని చెప్పాను. "నచ్చుతుంది" అన్న క్రియ ఎవరిని బట్టి మారుతుందని అడిగారు. కాఫీని బట్టి, నన్ను బట్టి కాదు అన్నాను. ఆమె పెన్సిలు కింద పెట్టి "అల్లోరా, లో సా జ్యా" అన్నారు. అయితే ఇది మీకు ముందే తెలుసు అని. నిజమే. మూడు నెలల తరగతిలో మినహాయింపుగా నెత్తికెత్తుకున్న వాక్యం, నాకు మాటలు వచ్చిన నాటి నుంచి నేను అంటున్న వాక్యమే. అది ఇంగ్లీషు వైపు నుంచి చూసినప్పుడే వంకరగా కనిపిస్తుంది. "నాకు బాధ కలిగింది", "నాకు గుర్తులేదు", "నాకు తోచలేదు" అని రోజంతా అనే మనకు అందులో వింత ఏముంటుంది?

కర్త సంగతి కూడా అంతే. "రేపు వస్తాను" అంటే చాలు, "నేను" అనక్కర లేదు. క్రియ చివర ఉన్న "ను" ఆ పని చేసిపెడుతుంది. ఇటాలియన్‌లోనూ "వెంగో దొమాని" అంటారు, "ఇయో" అనరు. నేను ఇంగ్లీషు అలవాటుతో ప్రతి వాక్యం ముందూ తగిలించిన "ఇయో"లన్నింటినీ ఆమె ఒక గురువారం రబ్బరుతో చెరిపేశారు. ఆమె ఎప్పుడూ ఎర్ర సిరా వాడరు, పెన్సిలే వాడతారు. ఆ పేజీ మీద మిగిలిన వాక్యాలను పైకి చదవమంటే, మొదటిసారిగా అవి మనిషి మాట్లాడే మాటల్లా వినిపించాయి.

తెలుగును ప్రాచ్య దేశాల ఇటాలియన్ అన్నారని మనం చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం. విజయనగరం చూసిన వెనిస్ యాత్రికుడు నికొలో దె కోంతి పేరుతో ఆ మాట ప్రచారంలో ఉంది. మాటలు అచ్చులతో ముగియడమే అందుకు కారణంగా చెబుతారు. నా అనుభవంలో అచ్చుల కంటే హల్లుల దగ్గరే చుట్టరికం ఎక్కువగా తెలిసింది. మనకు "కల" వేరు, "కల్ల" వేరు. "గడి" వేరు, "గడ్డి" వేరు. అక్కడ "సేతె" అంటే దాహం, "సెత్తె" అంటే ఏడు. "పాల" అంటే పార, "పల్ల" అంటే బంతి. ద్విత్వాక్షరం పలకడానికి ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారు ఎంతో ప్రయాసపడతారని ఆమె చెప్పారు. నాకు ఆ ప్రయాస అంతగా లేదు. నాకు వచ్చిన చిక్కు దాని పక్కన ఉంది. ఊనిక పడిన చోట, ఒంటి హల్లుకు ముందున్న అచ్చును ఇటాలియన్లు సాగదీస్తారు, మనం "కల"లో "క"ను సాగదీయం. ఆ దీర్ఘం నోటికి పట్టడానికి ఒక నెల పట్టింది. ఆమెను నేను పిలవవలసిన "ప్రొఫెస్సొరెస్సా" అన్న మాటలోనే రెండు చోట్ల స్సకారం వస్తుంది. ఇటలీలో బడి పంతులమ్మలను, ప్రాథమిక పాఠశాల దాటితే, అలాగే పిలుస్తారు. అయినా ఇంత పొడుగు మాటలో మొదట్లో నేను రెంటినీ ఒంటి సకారంగా మింగేస్తుంటే, ఆమె ఏమీ అనకుండా బల్ల మీద వేలితో రెండుసార్లు తట్టేవారు.

మరో సంగతి త, ద లది. ఇంగ్లీషు చదువు వల్ల మనం "ఇటలీ" అని టకారంతో అంటాం, కాని వారి నోట అది "ఇతాలియా". వారి త మన తాటిచెట్టులోని త, వారి ద మన దారిలోని ద. నేను ఇటాలియన్ మాటలన్నింటినీ ట, డ లతో పలుకుతుంటే, ఆమె తెలుగు అక్షరాలన్నీ ఒకసారి వరుసగా చదివి వినిపించమన్నారు. త దగ్గర చెయ్యెత్తి ఆపి, "ఇదీ మాది" అన్నారు. చ దగ్గర మళ్ళీ ఆపారు. "చలి", "చాప" అనేటప్పుడు మనం పలికే దంత్య చకారం, పాత నిఘంటువుల్లో చ మీద రెండంకె వేసి ౘ అని చూపించేది, ఇటాలియన్‌లో పిజ్జా అన్న మాటలో ఉన్న శబ్దమే. "జడ", "జల్లెడ"లలోని ౙకారం వారి దోమలో ఉంది: దోమను వారు "ౙన్ౙార" అంటారు. మనం రాయడం మానేసిన రెండు అక్షరాలు నా నోటుపుస్తకంలో మళ్ళీ అవసరపడ్డాయి. ఆ పేజీ నాకు చాలా ఇష్టం.

అన్నీ ఇలా కలిసివచ్చాయని అనుకోవద్దు. కుటుంబం, కొడుకు, వెల్లుల్లి అనడానికి ఇటాలియన్‌లో వాడే మాటలన్నింటిలోనూ ఉండే ఒక లకారం మనకు లేదు. "కల్యాణం"లోని ల్య దానికి దగ్గరగా ఉంటుంది గానీ అదే కాదు. మాటలో ఏ అచ్చు మీద ఊనిక పడాలో తెలియకపోతే అర్థమే మారిపోతుంది: ఒకే మాటను ఒకచోట ఊనితే "ఇంకా" అని, మరోచోట ఊనితే "లంగరు" అని. నామవాచకాల ముందు ఇంగ్లీషు "ది"లా వచ్చే చిన్న మాటలు ఏడు రకాలు. వాటికి తెలుగులో ఏ ఆసరా లేదు, కంఠతా పట్టడమే.

లింగం దగ్గర మాత్రం మా ఇద్దరికీ ఒక సాయంత్రమంతా గడిచింది. బల్లకూ కుర్చీకీ కూడా స్త్రీ పురుష భేదం ఉండే భాషలోంచి ఆమె, మగవారికి ఒక రూపమూ మిగిలిన సృష్టి అంతటికీ మరో రూపమూ ఉండే భాషలోంచి నేను మాట్లాడుకున్నాం. "అతడు వచ్చాడు" అంటాం, "ఆమె వచ్చింది" అంటాం, "బస్సు వచ్చింది" అని కూడా అంటాం అని చెప్పినప్పుడు ఆమె ముఖం కొంచెం కష్టపెట్టుకున్నారు. నాకూ ఆ క్షణం దాకా అది పట్టనేలేదు. బహువచనంలో ఆడా మగా అందరికీ "వచ్చారు" ఒక్కటే అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, మా భాషలో నూరుమంది ఆడవాళ్ళలో ఒక్క మగవాడు ఉన్నా క్రియ పుంలింగంలోకి మారిపోతుంది అన్నారు. ఆ లెక్కను ఎవరికి అనుకూలంగా తేల్చాలో తెలియక ఇద్దరం వదిలేశాం. ఆ రోజే "మనం", "మేము" అన్న తేడా చెప్పాను. వారికి రెంటికీ "నోయి" ఒక్కటే. ఆమె ఆ రెండు మాటలనూ తెలుగులోనే రాసుకుని దాచుకున్నారు.

నా తప్పులన్నింటిలో ఆమెకు నచ్చింది ఒకటుంది. తొందరలో ఉన్నప్పుడు నేను క్రియను వాక్యం చివరికి తోసేసేవాడిని. "నేను భారతీయుణ్ణి" అనడానికి "సోనో ఇందియానో" అనవలసి ఉండగా "ఇందియానో సోనో" అన్నాను ఒకసారి. సరిదిద్దుతారని ఎదురుచూస్తుంటే ఆమె మాట్లాడలేదు. తరువాత చెప్పారు, వాళ్ళ నాన్నగారు జీవితాంతం అలాగే "సిచిలియానో సోనో" అనేవారట. సిసిలీ వారు చెప్పదలచిన ముఖ్యమైన మాటను ముందుకు తెచ్చి, క్రియను వెనక్కి నెడతారు. ఫ్యాక్టరీలో ఆ వరుస వినగానే తోటి కార్మికులు ఆయన ఎక్కడివాడో పోల్చేసేవారు. 1950లు, 60లలో దక్షిణాది నుంచి వేలాది కుటుంబాలు ఈ నగరానికి తరలివచ్చినప్పుడు, దక్షిణాదివారికి ఇల్లు అద్దెకివ్వబడదు అన్న బోర్డులు ఇక్కడి గుమ్మాలకు వేలాడేవి. ఆమె బడిలో చేరిన ఏడు ఇంట్లో మాట్లాడే సిసిలియన్ మాట ఒకటి నోరుజారితే, తరగతి ముందు నిలబెట్టారట. ఇటాలియన్ ఆమెకు కూడా బడిలో నేర్చుకున్న రెండో భాష. నా తెలుగును తలుపు బయట వదిలేసి రమ్మనకపోవడానికి కారణం అప్పుడు అర్థమైంది.

ఆ రోజు పాఠం పుస్తకంలోకి పోలేదు. ఆమె వాళ్ళ అమ్మ మాటలు కొన్ని చెప్పారు. ఇటాలియన్‌లో ల్ల ఉన్నచోట సిసిలియన్‌లో తరచుగా మూర్ధన్యమైన డ్డ వస్తుంది: అందమైనది "బెల్ల" అయితే అక్కడ "బెడ్డ", గుర్రం "కవల్లో" అయితే అక్కడ "కవడ్డు", కోడి "గల్లీన" అయితే అక్కడ "గడ్డీన". చిన్నపిల్లవాణ్ణి "పిచ్చిరిడ్డు" అంటారు. ఆమె చెప్పినదాన్ని నేను వెంటనే తిరిగి అన్నాను. బిడ్డ, గడ్డ, అడ్డు అనే నోటికి అందులో కొత్తేముంది? పైగా ఉకారంతో ముగుస్తుంది, మన గుర్రమూ కోడిపెట్టా పక్కన నిలబెట్టినా అమరుతుంది. ఆమె "మళ్ళీ అనండి" అన్నారు. అన్నాను. ఉత్తరాదిన పుట్టి పెరిగిన తన స్నేహితులు ఎంత ప్రయత్నించినా ఆ డ్డ పలకలేకపోయారని, వాళ్ళ అమ్మ పోయాక ఆ శబ్దం ఈ వంటగదిలో వినడం ఇదే మొదలని చెప్పారు. ఇటాలియన్‌లో తప్పని నా నాలుక మీద నుంచి నెలల తరబడి చెరుపుకుంటూ వచ్చిన శబ్దం అది.

పిలుపు విషయం కూడా చెప్పాలి. ఇటాలియన్‌లో పరిచయం లేనివారినీ పెద్దలనూ "లేయ్" అంటారు, సన్నిహితులను "తు" అంటారు. ఆరు నెలల తరువాత ఆమె ఇకపై "తు" అనుకుందాం అన్నారు. డెబ్భై ఏళ్ళ మనిషిని, అందులోనూ చదువు చెప్పిన మనిషిని, నువ్వు అనడానికి నా నోరు రాలేదు. మా దగ్గర గురువులను మీరు అంటామని చెప్పి బతిమాలుకున్నాను. ఆమె మీ అమ్మగారిని ఏమంటారని అడిగారు. అమ్మను నువ్వు అంటాను, నాన్నగారిని మీరు అంటాను అన్నాను. గౌరవం ఎక్కువైతే మీరు అంటారనుకున్నాను, కాదన్నమాట అన్నారు ఆమె. నిజమే, అమ్మ మీద గౌరవం తక్కువై కాదు కదా. అయినా అప్పటికి మారలేదు. ఇంకో ఏడాదికి, మా అమ్మకు ఒంట్లో బాగాలేదన్న ఫోను వచ్చిన గురువారం, పాఠం మధ్యలో నాకు తెలియకుండానే ఆమెను "తు" అన్నాను. ఆమె ఆ మాట గమనించినట్టు కనబడనివ్వలేదు. నేను అమ్మ మీద బెంగగా ఉందని చెప్పాలనుకుని ఆగిపోతే, "మి మాన్క" అని అందించారు. అమ్మ నాకు కొరవడింది అన్నట్టుగా ఉంటుంది ఆ వాక్యం. మన బెంగ అంత బరువు దానికి లేదు గానీ, "నాకు" అన్న మాట దగ్గర రెండూ కలుస్తాయి.

బయట ఈ భాష నాకు బాగా అక్కరకు వచ్చిన చోటు పొర్తా పలాత్సో సంత. ఐరోపాలోని అతి పెద్ద బహిరంగ సంతల్లో అది ఒకటి. ఆమె ప్రతి రెండు వారాలకూ ఒక జాబితా ఇచ్చి, దానికి ధర కనుక్కుని రమ్మనేవారు. అక్కడ నూరు గ్రాములను "ఎత్తో" అంటారు. రెండు ఎత్తోలు ఇవ్వండి అని అడగాలి, రెండువందల గ్రాములు అని ఎవరూ అనరు. కొత్తిమీర కోసం నేను బహువచనంలో "కొరియాన్దొలి" అని అడిగినప్పుడు, దుకాణదారు ఇవి కార్నివాల్‌లో కదా దొరికేవి అన్నాడు. ఏకవచనంలో అది కొత్తిమీర, బహువచనంలో మాత్రం పండుగలో జల్లుకునే రంగుకాగితం ముక్కలు. ఆ గురువారం టీచరు గారు కారణం చెప్పారు. పూర్వం ఇక్కడ కార్నివాల్ రోజుల్లో చక్కెర పూసిన ధనియాలను జనం మీదికి విసిరేవారు, వాటి స్థానంలో కాగితం ముక్కలు వచ్చాయి గానీ పేరు మారలేదు. మన వంటింటి పోపుల డబ్బాలో ఉండే ధనియాలకు ఇక్కడ ఇంత పెద్ద చరిత్ర ఉందని ఆ సంతలో నిలబడకపోతే నాకు తెలిసేది కాదు.

నిరాశపడిన రోజులు లేవని కాదు. రెండో చలికాలంలో సంభావనార్థక క్రియలు మొదలయ్యాక, ఈ భాష నాకు రాదని ఒకరోజు ఆమెతో అన్నాను. అప్పుడు ఆమె ఈ నగరం కథ చెప్పారు. 1861లో ఇటలీ ఏకమైనప్పుడు తొరీనోయే తొలి రాజధాని. భాషాశాస్త్రవేత్త తుల్లియో దె మౌరో లెక్క ప్రకారం ఆనాడు దేశంలో ఇటాలియన్ మాట్లాడగలిగినవారు నూటికి రెండున్నర మంది మాత్రమే. ప్రధానమంత్రి కవూర్ కూడా ఫ్రెంచిలోనే సులువుగా మాట్లాడేవాడు. మిగిలినవారంతా తమ ఊరి మాట నుంచి నడిచి ఈ భాషలోకి వచ్చినవారే. మా టీచరు గారి అమ్మకు అక్షరాలు రావట. 1960 నుంచి 1968 దాకా ప్రభుత్వ టెలివిజన్‌లో అల్బెర్తో మాన్ౙి అనే ఉపాధ్యాయుడు పెద్ద కాగితాల మీద బొగ్గుతో బొమ్మలు గీస్తూ, చదువురాని పెద్దలకు అక్షరాలు నేర్పేవాడు. ఆ తల్లి రోజూ సాయంత్రం పక్కింటికి వెళ్ళి ఆ కార్యక్రమం చూసి, నలభై ఏళ్ళ వయసులో రాయడం నేర్చుకున్నారట. ఆ తరువాత నేను మళ్ళీ రాదన్న మాట అనలేదు. సంభావనార్థకం కూడా, "వస్తాడేమో" అన్నప్పుడు "ఏమో" చేసే పనిని పట్టుకుని చూస్తే, కొంత దారికి వచ్చింది.

దీర్ఘకాల నివాసపత్రానికి ఐరోపా భాషా పరీక్షల మెట్లలో ఎ2 స్థాయి సరిపోతుంది గానీ, 2018 డిసెంబరు నుంచి పౌరసత్వానికి దాని పై మెట్టయిన బి1 ఉండాలన్నారు కనుక, పోయిన ఏడు సియెనాలోని విదేశీయుల విశ్వవిద్యాలయంవారి బి1 పరీక్షే రాశాను. ప్యాసయ్యాను. సర్టిఫికెట్టు చూపిస్తే ఆమె కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చదివి, ఎక్కడా అచ్చుతప్పులు లేవని చూసి, నాకు తిరిగి ఇచ్చి, నోటుపుస్తకం తెరవమన్నారు.

ఇక్కడ చదువుకుంటున్న మన పిల్లలు ఇటాలియన్ ఎలా నేర్చుకోవాలని నన్ను అడుగుతుంటారు. ఫోనులో ఉండే యాప్‌లు వద్దనను. కాని మీరు ఉంటున్న ఊళ్ళో, మీ పేటలో, ఆ భాషలో పుట్టి పెరిగిన ఒక మనిషి ఎదురుగా వారానికి గంటన్నర కూర్చోవడానికి డబ్బు పక్కన పెట్టమంటాను. మీ అమ్మ గురించి, మీ ఊరి గురించి అడిగే మనిషి అయితే మరీ మంచిది. ఇంగ్లీషు గుండా వెళ్తే దారి పొడుగవుతుందని, తెలుగు వాక్యం పక్కన ఇటాలియన్ వాక్యం పెట్టి చూడమని కూడా చెబుతాను.

వచ్చే గురువారం నుంచి, ఎప్పుడో జరిగిపోయినవాటిని చెప్పే పురాభూతకాలం మొదలుపెడతామన్నారు. ఉత్తరాదిన దీన్ని పుస్తకాల్లో తప్ప మాటల్లో వాడరు. సిసిలీలో మాత్రం పొద్దున తిన్న తిండిని కూడా ఆ కాలంలోనే చెప్పుకుంటారు. దీనికి పాఠ్యపుస్తకం అక్కర లేదని, వాళ్ళ పెద్దమ్మ కతానియా దగ్గరి పల్లె నుంచి వాళ్ళ అమ్మకు రాసిన ఉత్తరాలు ఒక బిస్కెట్ల రేకు డబ్బాలో ఉన్నాయని, వాటినే చదువుదామని అన్నారు. ఆ ఉత్తరాల్లో అక్షరదోషాలు చాలా ఉంటాయని, డ్డ ఉన్నచోటల్లా నేనే పైకి చదవాలని ముందే చెప్పి ఉంచారు.